డాలర్లలో అమ్మిన చీరకు రూపాయల్లో లెక్క రాయడం ఎలా

మొదటి దీపావళి సీజన్‌లో డల్లాస్ నుంచి ఒక ఆర్డరు వచ్చింది. పోచంపల్లి పట్టుచీర, 180 డాలర్లు. ఫోన్‌లో మెసేజ్ చూడగానే గూగుల్‌లో డాలరు రేటు చూసి గుణించాను. చీర ఖర్చు, కొరియర్ తీసేస్తే నాలుగున్నర వేలు మిగులుతుందని ఇంట్లో అందరికీ చెప్పాను. ఆ సీజన్‌లో అలాంటివి నలభై చీరలు పంపాం. తీరా సీజన్ అయ్యాక చూస్తే కొత్త వార్పులకు (మగ్గానికి ఒకసారి ఎక్కించే పడుగు) పట్టు కొనడానికి ఖాతాలో డబ్బు చాలలేదు. ఎవరూ మోసం చేయలేదు, ఒక్క చీర కూడా పోలేదు. నేను లెక్క రాసిన తీరే తప్పు. ఆ నెల నేత కూలి రెండు వారాలు ఆలస్యంగా ఇచ్చాను. ఆ రెండు వారాలు తలచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. నా పుస్తకంలో తప్పుకు మగ్గం మీద కూర్చున్న ఇల్లు ఇబ్బంది పడింది.

చౌటుప్పల్, పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు ఇప్పుడు చాలా ఇళ్లలో పిల్లలు సొంతంగా వెబ్‌సైటు పెట్టి అమ్ముతున్నారు. గద్వాల, నారాయణపేటల్లోనూ అంతే. డాలరు, పౌండు, ఆస్ట్రేలియా డాలరు, అన్నింట్లో ధర చూపిస్తున్నారు. మంచిదే. ఖర్చు లెక్క మాత్రం చాలామంది నాలాగే మొదలుపెడుతున్నారు. నేను ఇప్పుడు రాస్తున్న పద్ధతి వరుసగా చెబుతాను. ఇందులోని అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి సరిచేసి పెట్టినవి. వాటి స్థానంలో మీ రేట్లు వేసుకోండి.

1. ముందు ఒక కరెన్సీ ఖాయం చేసుకోండి

మీరు పట్టు కొనేది రూపాయల్లో, కూలి ఇచ్చేది రూపాయల్లో, కరెంటు బిల్లు కట్టేది రూపాయల్లో. కాబట్టి ఖర్చు ఎప్పుడూ రూపాయల్లోనే ఉండాలి. ఖర్చును డాలర్లలోకి మార్చి రాసుకుంటే, రేటు మారిన ప్రతిసారీ నిన్న నేసిన చీర ఖర్చు ఇవాళ మారినట్టు కనిపిస్తుంది. నేసిన చీర ఖర్చు మారదు. మారేది మీ చేతికి వచ్చే డబ్బు ఒక్కటే.

వెబ్‌సైటులో కూడా స్టోరు కరెన్సీ రూపాయే పెట్టండి. వెబ్‌సైటులో అమ్మకాలు నడిపే సాఫ్ట్‌వేర్ వూకామర్స్‌లో స్టోరు కరెన్సీ ఒక్కటే ఉంటుంది, మిగతా కరెన్సీలు ప్లగిన్‌తో (దానికి జోడించే చిన్న సాఫ్ట్‌వేర్) వస్తాయి. ఇక్కడే ఒక పెద్ద చిక్కు ఉంది. ఖర్చు గడిలో మీరు 10,170 అని రాస్తారు, అది రూపాయలు. ఆర్డరు మొత్తం మాత్రం 180 అని డాలర్లలో నమోదవుతుంది. కొన్ని లాభం ప్లగిన్లు కరెన్సీ చూడకుండా 180 లోంచి 10,170 తీసేసి దాదాపు పది వేలు నష్టం అని చూపిస్తాయి. అంత పెద్ద తప్పు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి నయం. నెల అమ్మకాల్లో 180 డాలర్లను 180 రూపాయలుగా కలిపేస్తే మాత్రం ఎవరికీ కనిపించదు. అందుకే ప్లగిన్ పెట్టిన రోజే ఒక టెస్టు ఆర్డరు డాలర్లలో, ఒకటి రూపాయల్లో వేసి రిపోర్టు ఏం చెబుతుందో చూడండి. సరిగ్గా మార్చకపోతే ఆ రిపోర్టు నమ్మకండి, షీటులో మీరే రాసుకోండి.

అలాంటిదే మరొకటి షాపిఫై, అందులో ప్రతి వస్తువు పేజీలో ‘కాస్ట్ పర్ ఐటమ్’ అనే గడి ఉంటుంది. అందులో స్టోరు కరెన్సీలోనే రాయాలి. లాభం రిపోర్టు అమ్మిన సమయానికి ఆ గడిలో ఉన్న అంకెనే తీసుకుంటుంది. ఖాళీగా వదిలేసి తర్వాత నింపితే పాత ఆర్డర్లకు అది చేరదు. కాబట్టి చీర ఫొటో ఎక్కించే రోజే ఖర్చు కూడా ఎక్కించండి.

2. ఖర్చు చీరకు కాదు, వార్పుకు రాయండి

మనకు నిజమైన లెక్క వార్పు దగ్గరే దొరుకుతుంది. పట్టు కొనేది వార్పుకు సరిపడా, రంగు వేసేది వార్పుకు, అతికేది వార్పుకు. ఒక వార్పుకు 7 చీరలు అనుకుందాం.

పట్టు నూలు 4.5 కిలోలు, కిలో 5,200 చొప్పున: 23,400
రంగులు, రసాయనాలు, కట్లకు రబ్బరు: 3,500
జరీ: 2,000
ఆసు (నూలును మేకుల చుట్టూ తిప్పడం), కట్టు (రంగు అంటకూడని చోట రబ్బరుతో కట్టడం), అద్దకం, కండెలు, వార్పు అతికే కూలి: 9,100
నేత కూలి, చీరకు 4,000 చొప్పున: 28,000
మొత్తం: 66,000

ఏడుతో భాగిస్తే చీరకు దాదాపు 9,430. నేను మొదట్లో ఇక్కడే ఆగిపోయాను.

పట్టు విషయంలో ఒక మాట. చీరను తూకం వేసి అందులో ఎంత పట్టు ఉందో చూసి ఖర్చు కట్టేవాళ్లను చూశాను. అది తప్పు. పట్టును ఉడికించినప్పుడు జిగురు పోయి బరువు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. 4.5 కిలోలు కొంటే చీరల్లోకి వెళ్లేది సుమారు 3.4 కిలోలే, అంటే చీరకు 480 గ్రాములు. ఆ 480 గ్రాములకే లెక్క కడితే చీరకు ఎనిమిది వందలకు పైగా ఖర్చు పుస్తకంలోంచి మాయమవుతుంది. కొన్న తూకం, కొన్న బిల్లు, అవే రాయండి. గద్వాల చీర అమ్మేవాళ్లకు ఒళ్లు పత్తి, అంచు కొంగు పట్టు కాబట్టి రెండు నూళ్లకూ విడివిడిగా రెండు వరసలు కావాలి.

తర్వాత ఇంటి కూలి. అమ్మ కండెలు చుడుతుంది, భార్య ఆసు పోస్తుంది, ఇంటి మనుషులే కదా అని ఆ వరస ఖాళీగా వదిలేస్తారు. దయచేసి వదలకండి. చేతితో ఆసు పోయడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఒక్క చీర ఆసుకే సగం రోజు పోతుంది, వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి, భుజాలు పడిపోతాయి. తల్లి పడే ఆ బాధ చూడలేకే ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. అంత కష్టమున్న పనికి మన పుస్తకంలో సున్నా రాయడం న్యాయం కాదు. లెక్క ప్రకారం చూసినా నష్టమే. రేపు అమ్మకు చేతకాక బయట ఇస్తే ఆ రోజు నుంచి చీర ఖర్చు పెరుగుతుంది, ధర మాత్రం పాతదే ఉంటుంది. బయటివాళ్లకు ఏ రేటు ఇస్తారో ఇంట్లోవాళ్లకూ అదే రాయండి. ఆసు యంత్రం మీద పోయిస్తే ఆ రేటు రాయండి, ఆ రెంటినీ ఒకటి చేయకండి.

ఇక డామేజ్ చీర. ఏడులో ఒకటి రంగు చిందో, డిజైను కలవకో తేడా వచ్చిందనుకోండి. దాన్ని విదేశాలకు పంపలేం. ఇక్కడే 5,000కు అమ్మాం. అప్పుడు 66,000లో ఆ 5,000 తీసేసి మిగిలిన 61,000ను ఆరు మంచి చీరల మీద వేయాలి. చీరకు 10,167 వస్తుంది, నేను 10,170 అని రాస్తాను. అంటే 740 తేడా. ప్రతి వార్పుకూ ఇలా జరగదు. కానీ ఏడాది పుస్తకం తిరగేస్తే ఎన్ని వార్పులకు ఒకటి పోతుందో మీకే తెలుస్తుంది.

నూలు మీద కట్టిన జీఎస్టీ రీఫండుగానో, క్రెడిట్‌గానో తిరిగి వచ్చేదైతే ఖర్చులో కలపకండి. రానిదైతే కలపండి. ఎల్‌యూటీ (పన్ను ముందు కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) ఇచ్చి ఎగుమతి చేసేవాళ్లు దాన్ని ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా వేయాలని గుర్తుపెట్టుకోండి. మరిచిపోతే పన్ను ముందు కట్టి తర్వాత వెనక్కి అడుక్కోవాల్సి వస్తుంది, ఆలోగా పెట్టుబడి ఇరుక్కుపోతుంది.

3. ప్రతి చీరకూ ఒక నంబరు కట్టండి

పట్టు ధర ఈ నెల 5,200 ఉంటే రెండు నెలలకు 5,800 కావచ్చు. కొత్త వార్పు ఖర్చు పెరుగుతుంది. అప్పుడు వెబ్‌సైటులో ఖర్చు గడిలోని పాత అంకె చెరిపి కొత్తది రాస్తే, బీరువాలో ఇంకా ఉన్న పాత చీరలకూ ఎక్కువ ఖర్చు పడుతుంది. మిషన్ మీద వేలల్లో తయారయ్యే వస్తువులకు సగటు ఖర్చు రాసినా పరవాలేదు. మనది అలా కాదు, ఒక్కో చీర ఒక్కో వస్తువు. అందుకే వార్పు నంబరు, అందులో చీర వరస నంబరు కలిపి చిన్న ట్యాగు కట్టండి. 14వ వార్పులో మూడో చీర అంటే 14-3. వెబ్‌సైటులో ఎస్‌కేయూ (వస్తువు కోడ్) కూడా అదే. ఆర్డరు వచ్చినప్పుడు ఆ నంబరు చూస్తే దాని ఖర్చు అదే చెబుతుంది. పాత ఆర్డర్ల ఖర్చును ఎట్టి పరిస్థితిలోనూ దిద్దకండి.

4. వచ్చిన డబ్బు బ్యాంకులో పడిన రూపాయలతోనే రాయండి

అన్నింటికన్నా ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. గూగుల్ చూపించే రేటు పెద్ద బ్యాంకులు తమలో తాము మార్చుకునే రేటు లాంటిది. ఆ రేటు మనకు మామూలుగా దక్కదు. పేమెంట్ గేట్‌వే (కస్టమర్ కట్టిన డబ్బును మన ఖాతాకు చేర్చే కంపెనీ) ముందు తన ఫీజు కోసుకుంటుంది, తర్వాత తన రేటుతో రూపాయల్లోకి మారుస్తుంది. ఆ రేటులో కూడా కొంత తీసుకుంటుంది, అది ఫీజు అని ఎక్కడా కనిపించదు.

నా 180 డాలర్ల చీర తీసుకోండి. గూగుల్ రేటు 88 అనుకుంటే 15,840. గేట్‌వే ఫీజు 4.5 శాతం పోతే మిగిలేది 171.90 డాలర్లు. గేట్‌వే మార్చిన రేటు 85.40. ఖాతాలో పడింది 14,680. అంటే 1,160 తేడా, నేను చూడనే లేదు.

అందుకే షీటులో నాలుగు గడులు పెట్టండి: కస్టమర్ కట్టిన కరెన్సీ, ఆ అంకె, గేట్‌వే ఫీజు, ఖాతాలో పడిన రూపాయలు. చివరి గడిని మొదటి అంకె నుంచి ఫీజు తీసేసిన దానితో భాగిస్తే మీకు దక్కిన అసలు రేటు వస్తుంది. పక్కన ఆ రోజు రిఫరెన్సు రేటు రాయండి. డాలరు, పౌండు, యూరో వంటి కరెన్సీలకు పనిదినాల్లో ఎఫ్‌బీఐఎల్ (ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా) అనే సంస్థ దాన్ని ప్రకటిస్తుంది. ఈ రెండు రేట్లకూ మధ్య తేడా మూడు నెలలు గమనిస్తే ఏ దారిలో డబ్బు తెప్పించుకుంటే ఎక్కువ పోతుందో తెలుస్తుంది. మా దగ్గర ఈ వరస చూశాకే గేట్‌వే మార్చాం.

రెండు మూడు రోజుల ఆర్డర్లు కలిపి ఒకేసారి డబ్బు పడితే, ఆ రోజు దక్కిన రేటే ఆ ఆర్డర్లన్నింటికీ వేయండి. పైసల తేడా గురించి టెన్షన్ పడనక్కర్లేదు. ప్రతి విదేశీ చెల్లింపుకూ బ్యాంకు లేదా గేట్‌వే ఇచ్చే ఎఫ్‌ఐఆర్‌సీ లేదా ఎఫ్‌ఐఆర్‌ఏ పత్రం దింపి ఆర్డరు నంబరుతో దాచండి. విదేశాల నుంచి డబ్బు వచ్చిందనడానికి అదే రుజువు. షిప్పింగ్ బిల్లులో (ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) కస్టమ్స్ వాడే రేటు ఇంకోటి ఉంటుంది. దాన్ని పన్ను కాగితాలకే వాడండి, లాభం లెక్కలోకి తేకండి.

డాలర్లలో వచ్చే మీ ఖర్చులకూ ఇదే పద్ధతి. ప్లగిన్ చందా 29 డాలర్లు అయితే, కార్డు స్టేట్‌మెంటులో ఎన్ని రూపాయలు కట్ అయ్యాయో అదే రాయండి. బ్యాంకు విదేశీ మార్కప్, దాని మీద జీఎస్టీ అందులో కలిసే ఉంటాయి. అలాంటి నెలవారీ ఖర్చులను చీర ఖర్చులో కలపకుండా నెల చివర విడిగా తీసేయండి.

5. పెట్టె కొలవండి

కొరియర్ కంపెనీలు తూకం ఒక్కటే చూడవు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. ఆ అంకె, అసలు తూకం, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. నేను అందంగా ఉంటుందని 35, 28, 10 కొలతల గట్టి పెట్టె చేయించాను. గుణించి భాగిస్తే 1.96, అంటే 2 కిలోల చార్జీ. లోపల చీర ప్యాకింగుతో కలిపి 800 గ్రాములే. కిలోకు 1,900 అవుతుందనుకుంటే 2,900 అయింది. ఇప్పుడు 33, 25, 4 కొలతల పలచటి అట్టపెట్టె వాడుతున్నాను. 0.66 వస్తుంది, కిలో చార్జీలోనే పోతుంది. చీర మడత కూడా పాడవదు. పోస్టాఫీసుల్లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల (పోస్టులో ఎగుమతి చేయడానికి పెట్టిన కేంద్రాలు) ద్వారా పంపే వీలు కూడా ఉంది. రెంటి ధరలూ అడిగి చూడండి.

ఫాలు, ట్యాగు, గుడ్డ సంచి, పెట్టె, ఫొటో ఖర్చు కలిపి చీరకు 280 పడుతోంది మాకు. చిన్నదే, కానీ రాయాలి.

ఇప్పుడు నా మొదటి లెక్కను మళ్లీ చూడండి. అప్పట్లో నేను అనుకున్న మిగులు 4,510. అసలు మిగిలింది 1,330. రేటు, ఫీజులో 1,160, డామేజ్ చీరలో 740, పెట్టెలో 1,000, చిల్లర ఖర్చుల్లో 280. మొత్తం 3,180. నలభై చీరలకు లక్షా ఇరవై ఏడు వేల రెండు వందలు. అదే నాకు పట్టు కొనడానికి చాలని డబ్బు.

6. అక్కడి పన్ను ఎవరు కడతారో ముందే తేల్చుకోండి

అమెరికాలో 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. అంతకుముందు ఒక్క చీర పంపితే కస్టమర్ అక్కడ ఏమీ కట్టేవాళ్లు కాదు, ఇప్పుడు ఎవరో ఒకరు కట్టాలి. సుంకం శాతాలు మారుతూ ఉంటాయి, పంపే ముందు కొరియర్ వాళ్లను అడగండి. మీరు కడతామంటే అది ఆ ఆర్డరు ఖర్చు, విడిగా ఒక గడి పెట్టండి. కస్టమరే కట్టాలంటే చెకౌట్ పేజీలోనే తెలుగులో, ఇంగ్లిషులో స్పష్టంగా రాయండి. చెప్పకపోతే పార్శిల్ తీసుకోరు, వెనక్కి వచ్చే ఖర్చు కూడా మీ మీదే పడుతుంది. బ్రిటన్‌లో 2021 జనవరి 1 నుంచి 135 పౌండ్ల లోపు సరుకుకు అమ్మేవాళ్లే వ్యాట్ వసూలు చేసి అక్కడ కట్టాలి. దుపట్టాల్లాంటి తక్కువ ధరవి అమ్మేవాళ్లకు ఇది ముఖ్యం.

7. ధరను ఖర్చు నుంచి పైకి కట్టుకుంటూ రండి

పక్క వెబ్‌సైటు 180 పెట్టిందని మనమూ 180 పెట్టడం కాదు. ఆ పక్క వెబ్‌సైటులో అమ్మేది ఇక్కత్ ప్రింటు, అంటే నేసింది కాక డిజైను అచ్చేసిన చీర కూడా కావచ్చు. మన లెక్క ఇది: చీర 10,170, చిల్లర 280, కొరియర్ 1,900, మొత్తం 12,350. మీకు 3,500 మిగలాలి అనుకుంటే 15,850 ఖాతాలో పడాలి. దాన్ని మీకు దక్కే రేటు 85.40తో భాగిస్తే 185.60 డాలర్లు. ఫీజు 4.5 శాతం పోయాక కూడా అంత ఉండాలి కాబట్టి 0.955తో భాగించండి. 194.34 వస్తుంది. 195 పెట్టండి. పౌండుకు మీకు దక్కే రేటు 113 అయితే ఇదే లెక్కలో 147 దగ్గర తేలుతుంది, 149 పెట్టుకోవచ్చు. లండన్ కొరియర్ చార్జీ వేరైతే ముందు అది మార్చి మళ్లీ కట్టండి. సుంకం మీరే కడుతుంటే దాన్నీ ముందే కలపండి.

రేటు మారినప్పుడల్లా ధర దానంతట అదే మారే సెట్టింగు నేను వాడను. ఉదయం 194.60 చూసిన ఆమెకు సాయంత్రం 196.10 కనిపిస్తే నమ్మకం పోతుంది. ప్రతి కరెన్సీకీ ధర స్థిరంగా పెట్టి నెలకోసారి చూస్తాను. దక్కే రేటు మూడు శాతానికి మించి మారితేనే ధర దిద్దుతాను. రూపాయి బలపడి డాలరుకు తక్కువ వచ్చినప్పుడు మొదట కూలి తగ్గించాలనే ఆలోచన వస్తుంది. ఆ వరస ముట్టుకోకండి. ధర, పెట్టె, గేట్‌వే, ఈ మూడు చోట్ల వెతకండి.

8. వాపసు వచ్చినప్పుడు

కస్టమర్ చీర వెనక్కి పంపితే 180 డాలర్లూ ఇవ్వాలి. కానీ మీ దగ్గర తీసుకున్న గేట్‌వే ఫీజు చాలా చోట్ల తిరిగి రాదు. ఇచ్చే రోజు రేటు కూడా వేరు. 14,680 వచ్చిన చోట 16,000 దాకా పోవచ్చు. ఈ తేడాను అమ్మకంలో కలపకుండా ‘రేటు తేడా’ అని విడి గడిలో రాయండి. చీర మాత్రం అదే 14-3 నంబరుతో, అదే 10,170 ఖర్చుతో బీరువాలోకి తిరిగి వెళ్తుంది. పోయిన కొరియర్, ఫీజు దాని ఖర్చుకు కలపకండి, అవి ఆ నెల నష్టం.

9. నెలకోసారి బ్యాంకుతో కలపండి

ప్రతి నెల 5వ తేదీన నేను స్టేట్‌మెంటు తీసి షీటులోని ‘ఖాతాలో పడిన రూపాయలు’ గడి మొత్తంతో కలుపుతాను. గంట పని. కలవకపోతే ముందు చూడాల్సింది నెలాఖరు ఆర్డర్లు, డబ్బు తర్వాతి నెలలో పడి ఉంటుంది. తర్వాత గేట్‌వే ఆపి ఉంచిన మొత్తం ఏమైనా ఉందా చూడండి. అప్పటికీ కలవకపోతే ఏదో ఒక ఆర్డరుకు పడిన రూపాయలకు బదులు గూగుల్ రేటుతో గుణించిన అంకె రాసి ఉంటారు. నాకు ఇప్పటికీ ఎక్కువసార్లు దొరికే తప్పు అదే, ఫోన్‌లో మెసేజ్ చూసిన సంతోషంలో రాసిన అంకె.